ముందు బ్రేకు

పాత మోటారు సైకిలొకటి బాగుచేయిస్తున్నానని తెలిసినప్పటి నుంచీ మా కాలేజీలో నా గౌరవం పెరిగిందో, తరిగిందో తేల్చుకోలేకుండా వున్నాను. స్టాఫు రూములో ఫిజిక్సు మాస్టారు నన్ను చూడగానే కుర్చీ జరిపి కూచోబెట్టి కార్బురేటరు సంగతులు అడుగుతున్నాడు. ఇన్నేళ్ళూ ఆయనకు నాతో పడ్డ పనల్లా, వాళ్ళింటి శుభలేఖల్లో అచ్చుతప్పులు దిద్దించుకోవడమే. మరోవంక మా శాఖలోనే ఒక పెద్దావిడ, "ప్రబంధాలు చెప్పే చేతులకు ఆ గ్రీజేమిటండీ?" అని నలుగురిలోనూ బాధపడుతోంది. మా ఆవిడ బాధ వేరు. దండెం మీద ఆరేసిన నా చొక్కాలు చూసి ఎదురింటివాళ్ళు, నేను ఉద్యోగం మానేసి ఎక్కడో షెడ్డు పెట్టుకున్నాననుకుంటున్నారట.

ఇంతకీ ఆ బండి నాది కాదు, మా బాబాయిది. రాజ్‌దూత్ 350. ఈ పేరు వినగానే యాభయ్యేళ్ళు దాటిన మగవాళ్ళు కొందరు నిట్టూరుస్తారు. పక్కనే వాళ్ళ భార్యలుంటే మాట మార్చేస్తారు. జపానులో యమహావారు 1973లో తీసిన ఆర్.డి. 350 అనే బండిని, పదేళ్ళ తర్వాత, 1983లో మన దేశంలో ఎస్కార్ట్స్‌వారు ఈ పేరుతో తయారుచెయ్యడం మొదలెట్టారు. రెండు సిలిండర్లు, 347 సి.సి., ఆరు గేర్లు. అప్పటి మన రోడ్ల మీద అది కోడిపిల్లల మధ్య గద్దలాంటిది. ఆర్.డి. అంటే 'ర్యాపిడ్ డెత్' అని కుర్రకారు అల్లరిపేరు కూడా పెట్టారు. టూ స్ట్రోకు ఇంజను గనక యాక్సిలరేటరు వదిలినంత మాత్రాన దాని వేగం పెద్దగా తగ్గదు. ఆపే భారమంతా బ్రేకులదే.

మా బాబాయి 1985లో, తన వాటాకు రాబోయే పొలంలో అరెకరం ముందే అమ్మించుకుని ఆ బండి కొన్నాడు. మా వూరు తెనాలికి దగ్గర, కాలవ గట్టు మీద. గట్టు చివర ఆ బండి చప్పుడు వినబడగానే మా నాయనమ్మ కోళ్ళను గంప కింద మూసేది. "వాడొస్తున్నాడర్రా!" అనేది. ఆ మాటలో విసుగెంతో మురిపెం అంతే వుండేది.

1987 సంక్రాంతి సెలవులు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తెనాలిలో సినిమా చూపించి బాబాయి నన్ను వెనక కూచోబెట్టుకుని వూరికి తీసుకొస్తున్నాడు. పొద్దు వాలుతోంది. గట్టు రోడ్డు ఖాళీ. "ఇంకా తొందరగా బాబాయ్! ఇంకా!" అని నేను ఆయన వీపు మీద పిడికిలితో గుద్దుతున్నాను. కుప్పనూర్పిళ్ళ రోజులేమో, పొలాల్లోంచి డొంకదారిన వరిగడ్డి బండి ఒకటి గట్టెక్కి రోడ్డుకు అడ్డంగా వచ్చింది.

నేను బాబాయి భుజం పక్కనుంచి తొంగిచూస్తున్నాను. ఆయన కుడిచెయ్యి నాకిప్పటికీ కనిపిస్తూనే వుంటుంది. ముందు బ్రేకు లివరును నాలుగు వేళ్ళతో బిగపట్టాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. లివరు హ్యాండిలు దగ్గరికంటా వచ్చేసింది. వెనక చక్రం కీచుమని అరుస్తూ పక్కకు జారుతోంది. బండి నెమ్మదించింది గాని ఆగలేదు. ఎడ్ల మీదకు పోకుండా బాబాయి హ్యాండిలు గట్టువారకు తిప్పాడు. నేనెగిరి కాలవ పక్క తుంగలో పడ్డాను. మోచెయ్యి దోక్కుపోవడం తప్ప నాకేం కాలేదు. బాబాయి ఎడమకాలు బండి కింద పడి రెండుచోట్ల విరిగింది.

ఆ రాత్రి గుంటూరు ఆస్పత్రి వరండాలో మా తాతయ్య నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, "బండి బాగా వేగంగా తోలాడట్రా?" అని అడిగాడు. చుట్టూ నాన్న, పెదనాన్నలు, ఊళ్ళో పెద్దలు వున్నారు. నేను, "అవును తాతయ్యా, చాలా వేగంగా," అన్నాను. అబద్ధం కాదు గదా! వేగంగా పొమ్మన్నది నేనేనని చెప్పలేదు. బ్రేకు పట్టుకున్న చెయ్యి సంగతీ చెప్పలేదు. మొదటిది చెబితే దెబ్బలు పడతాయని భయం. రెండోది ఎందుకు చెప్పలేదంటే, దాని గురించి ఎవరూ అడగలేదు. తర్వాత ఎవరైనా అడుగుతారేమోనని చాలాకాలం చూశాను కాబోలు. ఎవరూ అడగలేదు.

స్పృహ వచ్చాక బాబాయి ఒక్కటే మాట అన్నాడు. "ముందు బ్రేకు పట్టలేదు నాన్నా" అన్నాడు. తాతయ్య నమ్మలేదు. "పట్టే వేగంలో వుంటే పట్టేది," అన్నాడు. ఆ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది. ఎవరైనా తప్పుచేసి సాకు చెబితే, "ఆఁ, నీకూ ముందు బ్రేకు పట్టలేదా?" అనడం అలవాటైపోయింది. బాబాయి ఎదుట కూడా అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు.

నాలుగు నెలలు మంచంలో వుండి లేచేసరికి ఆయన ఎడమకాలు అంగుళం కురచ అయింది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. కాలు సంగతి కాదట. "కుర్రాడు దూకుడు మనిషట గదా" అన్నారట అవతలివాళ్ళు. తర్వాత అయిదేళ్ళకు గాని పెళ్ళి కాలేదు. తాతయ్య బతికున్నంత కాలం వ్యవసాయం ఆయన చేతికివ్వలేదు. ఎరువుల కొట్టుకు డబ్బు పంపాలన్నా మా నాన్ననే పిలిచేవాడు. తాతయ్య 2004లో పోయాడు. బాబాయికి ఇప్పుడు అరవై అయిదు. నేను చూసిన మనుషుల్లో అంత నెమ్మదస్తుణ్ణి మరొకణ్ణి చూడలేదు. అయినా బంధువుల్లో ఆయన ఇంకా 'దూకుడు' మనిషే. మాట ఒకసారి అంటుకుంటే మనిషి మారినా వదలదు.

బండి మాత్రం గొడ్లసావిట్లో గోనెపట్టాల కింద పడివుంది. గొడ్లు పోయాయి, సావిడి కప్పు రెండుసార్లు మారింది, బండి అక్కడే వుంది. మూడేళ్ళ కిందట నేను అడిగితే బాబాయి, "తీసుకుపోరా. పాతసామాన్ల వాడికి వెయ్యడం కంటే నయం గదా," అన్నాడు. ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు మాత్రం బయటికి రాలేదు. పొలం వెళ్ళాడని పిన్ని చెప్పింది. ఆయన చెప్పులు అరుగు మీదే వున్నాయి.

గుంటూరులో పాతబండ్లు బాగుచేసే సాయిబుగారొకరున్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద. చెవి ఇంజనుకు ఆనించి రోగం చెప్పే రకం. ఇంజను కథ చెప్పి మిమ్మల్ని విసిగించను. పిస్టన్లు సిలిండర్లకు అతుక్కుపోవడం, క్రాంకు సీళ్ళు ఎండిపోవడం, ఒక్కొక్క సామాను కోసం బెజవాడ ఆటోనగరులో నేను చేసిన ప్రదక్షిణలు, ఇవన్నీ కలిపి రెండేళ్ళు పట్టాయి. మా ఆవిడ లెక్కలో అయితే ఇద్దరు పిల్లల కాలేజీ ఫీజు.

ఆ రెండేళ్ళూ నాకూ సాయిబుగారికీ ఒకటే తగాదా. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో తాళపత్ర గ్రంథాల పరిష్కరణ అని పాఠం వుండేది. ప్రతిలో వున్న పాఠాన్ని మన రుచికి దిద్దకూడదు. అర్థం కాకపోతే మనమే ఆగాలి గాని అక్షరం మార్చకూడదు అనేవారు మా గురువుగారు. అది నాకు ఒంటబట్టింది. అంచేత బండిలో ఏ మేకు తీసినా మళ్ళీ అదే మేకు వెయ్యమనేవాణ్ణి. "మాస్టారూ, ఇది మ్యూజియానికా, రోడ్డుకా?" అని సాయిబుగారు అడిగేవారు. నేను జవాబు దాటవేసేవాణ్ణి. నిజానికి జవాబు మా అమ్మాయి దగ్గర వుంది. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల, బండి తయారైన నాడు మొదట నడిపేది తానేనని ఇల్లంతా చాటింపు వేసింది. "ముందు వాటి బ్రేకుల సంగతి చూడండి. తర్వాతే దాని ఇంజను," అని మా ఆవిడ తీర్పు చెప్పింది.

అలా ఓ ఆదివారం ముందుచక్రం విప్పారు.

ఈ బండి ముందుచక్రం డ్రమ్ములో రెండు షూలుంటాయి. డ్రమ్ము తిరుగుతూనే ఆ రెండింటినీ తనవైపు లాక్కుని మరింత గట్టిగా పట్టుకునేట్టు అమర్చారు. మంచి ఉపాయమే. కాని ఒక్కొక్క షూను తెరవడానికి ఒక్కొక్క క్యాము వుంది. ఆ రెండు క్యాములనూ బయటనుంచి సన్నటి కడ్డీ ఒకటి కలుపుతుంది. ఆ కడ్డీ పొడవు నట్టుతో సరిచూసి బిగిస్తేనే రెండు షూలూ ఒక్కసారిగా డ్రమ్మును తాకుతాయి. అందులో తేడా వస్తే ఒక షూ కష్టపడుతుంది, రెండోది వూరికే చూస్తూ వుంటుంది. ఉమ్మడి కుటుంబాల్లో మనం ఎరగనిది కాదు.

సాయిబుగారు రెండు షూలూ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, చెరో అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు పట్టారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేతిలో పెట్టారు.

"ఏం కనబడుతోంది మాస్టారూ?"

ఒకదాని లైనింగు కాగితంలా అరిగిపోయింది. రెండోదాని మీద కొత్తలో వున్న అంచు ఏటవాలు కూడా పోలేదు.

"ఈ రెండోది పనిచెయ్యలేదండి, ఒక్కరోజు కూడా," అన్నారు సాయిబుగారు. "ఎవరో షూలు మార్చినప్పుడు కడ్డీ సరిచూడకుండా బిగించేశాడు. మీ బాబాయిగారు సగం బ్రేకుతో తిరిగారు. ఉన్న సగమూ అరిగిపోయింది."

నా గుండె కొట్టుకోవడం నాకే వినబడింది. "ఇన్నేళ్ళు మూలపడి వుండడం వల్ల అలా అయిందేమో?" అన్నాను.

"తుప్పయితే ఎప్పుడైనా పడుతుంది మాస్టారూ. అరుగుదల మాత్రం చక్రం తిరిగినన్నాళ్ళే. ఇది ఎప్పుడు తిరగడం మానేసింది?"

"1987 సంక్రాంతికి."

ఆయన తల వూపి, వెళ్ళి చేతులు కడుక్కున్నారు. ప్రమాదానికి ముందటేడు బాబాయి ఆ చక్రం విప్పించి షూలు మార్పించిన సంగతి నాకు గుర్తుంది. ఆ షెడ్డులో నాకు సోడా ఇప్పించాడు గనక గుర్తుంది. ఆ మేస్త్రీ ఎవరో, ఏమయ్యాడో తెలియదు. తెలిసినా ఇప్పుడేం చేస్తాం? పాత గ్రంథాల్లో దీన్ని లేఖకదోషం అంటాం. రాసుకున్నవాడు ఎక్కడో అక్షరం జారవిడుస్తాడు. వందేళ్ళ తర్వాత చదివినవాడు కవికి ఛందస్సు రాదంటాడు. ఈ పాఠం పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్న నేను, మా ఇంట్లో తప్పు పాఠాన్ని ముప్ఫై ఎనిమిదేళ్ళు అలాగే చదివాను. పైగా సరైన ప్రతి నా దగ్గరే వుండగా.

ఆ షూలు రెండూ దినపత్రికలో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

ఇక ఆ డ్రమ్మునే సరిగ్గా అమర్చాలా, డిస్కు వెయ్యాలా అన్న ప్రశ్న వచ్చింది. "సరిచూసి బిగిస్తే డ్రమ్ము చేటు కాదు. కాని ఇప్పటి రోడ్లు, ఇప్పటి బండ్లు వేరు. ముందు కారువాడు టక్కున ఆగుతాడు. అమ్మాయిగారు ఆగద్దూ?" అన్నారు సాయిబుగారు. నేను మళ్ళీ మూలప్రతి అంటూ మొదలెట్టాను. అప్పుడాయన నవ్వి, "మూలమంటే జపాను బండేగా? దానికి ముందు డిస్కే వుండేది. మనవాళ్ళు ఇక్కడ తయారుచేసేటప్పుడు డ్రమ్ము పెట్టారు," అన్నారు. నిజమే. నేనింతకాలం కాపాడుకొస్తున్నది మూలం కాదు, పాఠాంతరం! పండితుడికి ఇంతకంటే చల్లటి మాట ఇంకొకటి లేదు. వెంటనే ఒప్పుకున్నాను.

తర్వాతి కాలపు బండి ఒకదాని ఫోర్కులు, డిస్కు, కాలిపరు, మాస్టర్ సిలిండరు ఆటోనగరులో ఒకేచోట దొరికాయి. వాటితోపాటే బ్రేకు గొట్టం కూడా. నల్లటి రబ్బరు గొట్టం. బయట ఒక్క బీట లేదు. "ఇదే వేసేద్దాం, శుభ్రంగా వుంది గదా," అన్నాను. ఊరికే వచ్చినదాన్ని కాదని కొత్తదానికి వెయ్యి పైచిలుకు పొయ్యడం నాకు మనస్కరించలేదు. లెక్చరర్లం, బాబూ!

సాయిబుగారు ఏమీ అనకుండా కత్తి తీసుకుని ఆ గొట్టాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేశారు. లోపల రబ్బరు ఉబ్బిపోయి, నడిమి దారి సూదిబెజ్జంలా వుంది. దీనివల్ల ఏమవుతుందో ఆయన వివరంగా చెప్పారు. లివరు పట్టినప్పుడు మన చేతిబలానికి ఆయిలు ఆ సందులోంచి తోసుకుని పోతుంది, బ్రేకు పడుతుంది. వదిలినప్పుడు దాన్ని వెనక్కి తోసే బలం లేదు. అంచేత బ్రేకు వదలదు. చక్రం పట్టేసినట్టే తిరుగుతూ, కాలుతూ వుంటుంది. ఇంకో రకం కూడా వుందట. ముసలి రబ్బరు మెత్తబడి, పట్టినప్పుడల్లా బుడగలా ఉబ్బుతుంది. మన బలంలో కొంత చక్రానికి పోకుండా గొట్టాన్ని ఉబ్బించడానికే ఖర్చవుతుంది. లివరు పిండిముద్ద నొక్కినట్టు వుంటుంది.

"పైకి నున్నగా వుండి లోపల మూసుకుపోయినవి ఎన్ని చూశానో," అన్నారాయన. ఆయన గొట్టాల గురించే అన్నారు లెండి.

అలా కొత్త గొట్టం తెచ్చాం. లోపల టెఫ్లాను గొట్టం, దాని మీద స్టెయిన్‌లెస్ స్టీలు తీగలతో జడలా అల్లిన తొడుగు, దాని మీద పారదర్శకంగా ప్లాస్టిక్ పొర. స్టీలు అల్లిక గనక లోపల ఎంత ఒత్తిడి వచ్చినా ఉబ్బదు. ప్లాస్టిక్ పొర అందానికనుకున్నాను. అది లేకపోతే ఆ స్టీలు తీగ తాకిన చోటల్లా రంగును ఆకురాయిలా గీసేస్తుందట. గొట్టం పొడవు కొలవడానికే ఒక పూట పట్టింది. ఫోర్కులు పూర్తిగా సాగినప్పుడు బిగుసుకోకూడదు. హ్యాండిలు ఈ కొసకూ ఆ కొసకూ తిప్పినా ఎక్కడా మడతపడకూడదు, టైరును తగలకూడదు. దాన్ని బిగించే బోల్టును బాంజో బోల్టంటారు, మధ్యలో డొల్లగా వుంటుంది. దానికి ఇరుపక్కలా రాగి వాషర్లు. పైన రెండు, కింద రెండు. మెత్తటి రాగి నలిగి అతుక్కుంటేనే ఆయిలు కారదు. పాత వాషర్లు వెయ్యనివ్వలేదు. ఈసారి నేను బేరమాడలేదు.

బ్రేక్ ఆయిలు అని మనం అంటాంగాని అది నూనె కాదు. నీళ్ళంటే దానికి మహా ప్రీతి. మూత తీసి వుంచితే గాలిలో తేమను లాగేసుకుంటుంది. మేం వాడినది డాట్ 4 రకం. కొత్తగా వున్నప్పుడు 230 డిగ్రీల వేడికి గాని మరగదు. తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరైతే లివరు డొల్ల. అందుకే సీలు విప్పని సీసా కొనాలి, రెండేళ్ళకోసారి మార్చాలి. రంగుకు అది పరమ శత్రువని కూడా సాయిబుగారు చెప్పారు. నేను శ్రద్ధగా విని, ఆ మర్నాడే కొత్తగా రంగువేసిన మడ్‌గార్డు మీద చెంచాడు ఒలకబోశాను. నీళ్ళకోసం పరిగెత్తుకొచ్చేలోపల బొటనవేలంత మేర రంగు ముడుచుకుని లేచిపోయింది. మళ్ళీ వేయించలేదు. అలా వుండనీ అనిపించింది.

ఇక మిగిలింది గాలి తియ్యడం. గొట్టంలో గాలి బుడగ వుంటే బ్రేకు లేనట్టే. ఆయిలు నొక్కితే నలగదు, నొక్కిన ఒత్తిడిని అవతలికి అందిస్తుంది. గాలి నలిగి వూరుకుంటుంది. పాస్కల్ సూత్రమని మా అమ్మాయి బొమ్మగీసి చెప్పింది. సాయిబుగారు సూత్రం జోలికి పోకుండా, "ఇది ఇద్దరు మనుషుల పని మాస్టారూ. పట్టేవాడొకడు, విప్పేవాడొకడు. రేపు ఉదయం రండి, మా కుర్రాణ్ణి పెడతాను," అన్నారు.

నేను ఆలోచించి, "ఆ ఒక్క పనీ మా వూళ్ళో చేసుకోవచ్చా?" అని అడిగాను. ఆయన నా సంచివైపు చూశారు. ఆ షూలు అందులో నెలల తరబడి వున్నాయని ఆయనకు తెలుసు. 8వ నంబరు పానా ఒకటి, మూరెడు ప్లాస్టిక్ ట్యూబు, సీలు విప్పని సీసా నా చేతికిచ్చి, "బండి మాత్రం రోడ్డెక్కించకండి," అన్నారు.

రోడ్డెక్కించే వీలూ లేదు. కొన్న నాటినుంచి పదిహేనేళ్ళకే రిజిస్ట్రేషను గడువు తీరుతుంది. తర్వాత అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఈ బండికి ఆ ముచ్చటే జరగలేదు. పైగా కంపెనీ ఇచ్చిన నమూనాను మనిష్టం వచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చెబుతుంది. అంచేత డిస్కు సంగతి దాచకుండా బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారికి చూపించి, ఆయనేమంటే అది చెయ్యాలి. ఆ ఉద్యోగానికి కాగితాల మీద వేరే పేరుంది గాని, మనవాళ్ళకు ఆయన బ్రేక్ ఇన్‌స్పెక్టరే. బండిలో పరీక్షించవలసిన అసలు వస్తువేదో మన జనానికి ఎప్పుడో తెలుసునన్నమాట.

ట్రాలీ ఆటో మా వూరి ఇంటిముందు ఆగేసరికి సాయంత్రం నాలుగైంది. ఈసారి బాబాయి అరుగు మీదే కూచుని వున్నాడు. బండిని దించి వాకిట్లో స్టాండు వేశాం. ఆయన దాని చుట్టూ ఒకసారి నడిచాడు, కురచ కాలుతో ఒక పక్కకు వాలుతూ. మడ్‌గార్డు మీద లేచిపోయిన రంగు దగ్గర ఆగి, "ఇదేమిట్రా?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు.

నేను కాగితం పొట్లం విప్పి షూలు ఆయన చేతుల్లో పెట్టాను. సాయిబుగారు చెప్పిందంతా చెప్పాను. ఆయన ఒకటి ఈ చేతిలో, ఒకటి ఆ చేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు చూశాడు. అరగనిదాని అంచు మీద బొటనవేలితో రాశాడు.

"అయితే పట్టలేదన్నమాట," అన్నాడు.

"పట్టలేదు బాబాయ్."

గుమ్మంలో పిన్ని నిలబడి వింటోంది. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో ఆవిడ కూడా ఆ సామెత ఎన్నిసార్లు వాడిందో. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కాసేపటికి గిన్నెల చప్పుడు వినబడింది.

అప్పుడు నేను మిగతాది చెప్పాను. "ఆ రోజు తొందరగా పొమ్మన్నది నేనే. నువ్వు లివరు పట్టుకోవడం కూడా చూశాను. తాతయ్య అడిగితే చెప్పలేదు." నలభై ఆరేళ్ళ వాణ్ణి, క్లాసులో గంటలకొద్దీ మాట్లాడేవాణ్ణి, ఈ మూడు మాటలకు గొంతు తడారిపోయింది.

బాబాయి షూలమీదనుంచి కళ్ళెత్తలేదు. "నువ్వు చూశావని నాకు తెలుసురా. అద్దంలో నీ మొహం కనబడింది."

"మరి ఎప్పుడూ అనలేదే!"

"ఎవరితో అనేది? ఎనిమిదేళ్ళ కుర్రవెధవని సాక్ష్యానికి పిలవమంటావా? మా నాన్న నీ వీపు చీరేసేవాడు." కొంచెం ఆగి, "మా నాన్న వుండగా తేలితే బాగుండేది," అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కాసేపు ఇద్దరం వూరికే కూచున్నాం. కాలవ మీదనుంచి గాలి వస్తోంది. తర్వాత ఆయనే లేచి, "ఏదో గాలి తియ్యాలన్నావుగా. నన్నెక్కడుండమంటావ్?" అన్నాడు.

"నువ్వు లివరు దగ్గర."

నేను కింద చక్రం పక్కన చతికిలబడి, నిప్పిలుకు ట్యూబు తొడిగి రెండో కొస సీసాలో ముంచాను. ఆయన బండి పక్కన నిలబడి కుడిచేతి నాలుగు వేళ్ళూ లివరు మీద వేశాడు. "పట్టు" అంటే పడతాడు. నేను నిప్పిలు పావుచుట్టు విప్పుతాను. ఆయిలు, బుడగలు ట్యూబులోంచి వస్తాయి. నేను బిగించాక "వదులు" అంటే వదులుతాడు. బిగించకముందే వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. ఒక్కసారి కూడా ఆయన తొందరపడి వదల్లేదు. పైన ఆయిలు తరిగినప్పుడల్లా పిన్ని లాంతరు పట్టుకున్నట్టు ఫోను దీపం పట్టుకుని, "ఇక పొయ్యండి, అడుగంటుతోంది," అని చెబుతూ వుంది. చీకటిపడే దాకా అదే పని. పట్టు, వదులు. పట్టు, వదులు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి చూసి పోయారు.

అంత చేసినా లివరు ఇంకా కాస్త మెత్తగానే వుంది. పైన బాంజో దగ్గర చిన్న బుడగలేవో నిలిచిపోయాయి. అందుకు సాయిబుగారు ఒక చిట్కా చెప్పారు: లివరును నొక్కి హ్యాండిలుకు కట్టేసి రాత్రంతా వుంచితే చాలావరకు అవే పైకి తేలి పోతాయి. పిన్ని పాత చీర అంచు చింపి ఇచ్చింది. బాబాయి లివరు నొక్కి పట్టుకుంటే నేను ముడివేశాను. రాత్రి అరుగు మీద పడుకున్నాం. ఆయన రెండుసార్లు లేచి వెళ్ళి ముడి వదులైందేమో చూసి వచ్చాడు. నేను నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

తెల్లవారి ముడి విప్పి చూస్తే లివరు రాయిలా వుంది. సగం దూరం కూడా రావడం లేదు.

బాబాయి స్టాండు తీసి, ఇంజను జోలికి పోకుండా, బండిని వాకిట్లో ఈ చివరనుంచి నాలుగడుగులు పరుగులాంటి నడకతో నెట్టుకుపోయి లివరు పట్టాడు. ముందుచక్రం అక్కడికక్కడే ఆగిపోయింది. ఫోర్కులు కిందికి కుంగి, వెనక భాగం కొంచెం పైకి లేచి దిగింది. ఆయన నావైపు చూడలేదు. వెనక్కి తెచ్చి మళ్ళీ నెట్టాడు. మళ్ళీ ఆగింది. "పడతారండీ!" అని పిన్ని గుమ్మంలోంచి అరిచింది. మూడోసారీ ఆగింది.

"ఇంకా ఎక్కడైనా గాలి మిగిలిందేమోరా. ఇంకోసారి చూద్దాం," అని బాబాయి మళ్ళీ బండిని వెనక్కి నెట్టుకుపోయాడు.